దీవి పిల్లలకు బడి, బంతి

కార్ నికోబార్ దీవిలోని ఆసుపత్రికి బిషప్ జాన్ రిచర్డ్‌సన్ పేరు పెట్టారు. ఆయన ఎవరో తెలుసుకుందాం.

ఆయన 1884లో ఆ దీవిలోనే పుట్టారు. చిన్నప్పటి పేరు హా చెవ్ కా. వేదప్పన్ సోలమన్ అనే తమిళ ఉపాధ్యాయుడు ముస్ గ్రామంలో చిన్న బడి నడిపేవారు. ఈ పిల్లవాడి తెలివి చూసి, పై చదువుకు బర్మాలోని మాండలేకు పంపించారు.

చదువు పూర్తయ్యాక రిచర్డ్‌సన్ పరాయి దేశంలో ఉండిపోలేదు. తిరిగివచ్చి తన దీవి పిల్లలకు పాఠాలు చెప్పారు. నికోబారీ భాషను రోమన్ అక్షరాలతో రాయడం నేర్పారు. పిల్లలకు ఫుట్‌బాల్ ఆట పరిచయం చేశారు. ఇప్పటికీ ఆ దీవిలో ఫుట్‌బాల్ అంటే ప్రాణం.

1942లో జపాన్ సైన్యం అండమాన్ నికోబార్ దీవులను ఆక్రమించింది. గూఢచారులనే అనుమానంతో ఎందరినో చంపింది. రిచర్డ్‌సన్ కూడా చావు అంచు దాకా వెళ్లారు. 1945లో యుద్ధం ముగియడంతో బతికి బయటపడ్డారు. దుఃఖంలో మునిగిన తన ప్రజలకు ధైర్యం చెప్పి, మళ్లీ మొదటి నుంచి పని మొదలుపెట్టారు.

1952లో మొదటి లోక్‌సభకు నామినేట్ అయ్యారు. 1965లో పద్మశ్రీ, 1975లో పద్మభూషణ్ అందుకున్నారు. 1978లో కన్నుమూశారు.

నాన్నకో అమ్మకో బదిలీ అయిన ప్రతిసారీ మనం కొత్త బడిలో చేరతాం. అక్కడి భాష రాకపోయినా, మైదానంలో ఎవరైనా మన వైపు బంతి తన్నితే స్నేహం మొదలవుతుంది. ఈసారి కొత్తగా చేరిన వారి వైపు ఆ బంతిని మనమే తన్నుదాం.