నలభై ఎనిమిదో ఏట

ఈసారి గోడ పత్రికకు ఒక ప్రముఖుని జీవితం రాయమని మేడమ్‌గారు చెప్పినప్పుడు నేను మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పేరు ఇచ్చాను. క్లాసులో కొందరు నవ్వారు. ప్రతి సెప్టెంబర్ 15కూ స్కూల్లో ఆయన మీద వ్యాసం రాస్తూనే వచ్చాం కదా, ఇంకా ఏముంది రాయడానికి అన్నారు. నిజమే. కన్నంబాడి ఆనకట్ట, మైసూరు దివాన్‌గిరీ, భారతరత్న మనందరికీ కంఠతా వచ్చు. అందుకే ఈసారి ఆయన ముసలితనం చదివాను. ఈ సెమిస్టర్ సైకాలజీలో మాకు వృద్ధాప్యం మీద ఒక యూనిట్ ఉంది. అదొక కారణం. ఇంట్లో మా తాత ఉన్నాడు, అది రెండో కారణం. తాత సంగతి చివర్లో చెప్తాను.

విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ముద్దేనహళ్లి మొన్నమొన్నటిదాకా మన కోలారు జిల్లాలోదే. 2007లో చిక్కబళ్లాపురం జిల్లా విడిపోయినప్పుడు అటు పోయింది. వాళ్ల పూర్వులు ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండం నుంచి వచ్చినవాళ్లు. ఊరి పేరే ఇంటి పేరు. ఇంట్లో తెలుగు, వీధిలోకి వస్తే కన్నడ. మనలో చాలామంది ఇళ్లలాగే. పుట్టిన సంవత్సరం కొన్ని పుస్తకాల్లో 1860 అనీ, కొన్నింట్లో 1861 అనీ ఉంటుంది. ఆయన బతికుండగానే 1960లో శతజయంతి చేశారు కాబట్టి నేను 1860 లెక్కే పెట్టుకున్నాను.

చిన్నప్పుడే తండ్రి పోయారు. పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ బెంగళూరు సెంట్రల్ కాలేజీలో చదివారు. తరువాత పూణేలో ఇంజనీరింగ్ చదివి 1884లో బొంబాయి ప్రభుత్వంలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరారు. పూణే దగ్గర ఖడక్‌వాస్లా జలాశయానికి నీళ్లు ఎక్కువైతే తమంతట తామే తెరుచుకునే గేట్లు పెట్టారు. అంత పేరు వచ్చినా పై పదవులు తెల్లవాళ్లకే దక్కే కాలం అది. 1908లో తానే ఉద్యోగం వదిలేశారు. అప్పటికి ఆయనకు 48 ఏళ్లు.

ఈ 48 అనే అంకె గుర్తుపెట్టుకోండి. మళ్లీ వస్తుంది.

అదే ఏడు సెప్టెంబర్ 28న హైదరాబాదులో మూసీ పొంగి వేలమంది చనిపోయారు. అలాంటి వరద మళ్లీ రాకుండా దారి చెప్పమని నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యగారిని పిలిచింది. నీళ్లను ఊరికి పైనే ఆపాలని ఆయన లెక్కలు వేసి ఇచ్చారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ అలా వచ్చినవే. రిటైరైన మనిషి సలహా ఇవాళ్టికీ ఒక నగరాన్ని కాస్తోంది.

1909లో మైసూరుకు చీఫ్ ఇంజనీరుగా వచ్చారు. ఇక్కడ మన జిల్లా కథ కలుస్తుంది. 1902 నుంచి కోలారు బంగారు గనులకు శివసముద్రం నుంచి కరెంటు వస్తుండేది. దాదాపు 147 కిలోమీటర్ల లైను, అప్పట్లో ప్రపంచంలోనే పొడవైనవాటిలో ఒకటి. కానీ ఎండాకాలంలో కావేరిలో నీళ్లు తగ్గితే కరెంటు తగ్గేది. గనికి కరెంటంటే లోపల ఉన్న మనుషుల ప్రాణం. కన్నంబాడి ఆనకట్ట అనగానే మనం మండ్య పొలాల గురించే అనుకుంటాం. గనులకు ఏడాది పొడుగునా కరెంటు ఇవ్వాలన్నది కూడా ఆ ఆనకట్ట కట్టడానికి ఒక పెద్ద కారణం. పని 1911లో మొదలైంది.

1912లో దివాన్ అయ్యారు, 52 ఏళ్లకు. మైసూరు బ్యాంకు 1913లో, కన్నడ సాహిత్య పరిషత్తు 1915లో, మైసూరు విశ్వవిద్యాలయం 1916లో వచ్చాయి. 1918లో ఆ పదవీ వదిలేశారు. వెనకబడిన కులాలకు ఉద్యోగాల్లో వాటా ఇచ్చే విషయంలో ఆయనకూ మహారాజుకూ అభిప్రాయం కుదరలేదు. మహారాజు వేసిన మిల్లర్ కమిటీ వాటా ఉండాలంది. ఆయన అర్హత ఒక్కటే చూడాలన్నారు. ఈ విషయంలో నేను మహారాజు పక్షమే. మన క్లాసులో సగం మందిమి ఆ వాటా దారిలోనే చదువుకోవడానికి వచ్చాం. గొప్పవాళ్ల జీవితం రాసేటప్పుడు ఇది దాచిపెట్టకూడదని రాస్తున్నాను.

ఇప్పుడు లెక్క చూడండి. దివాన్ పదవి వదిలేనాటికి ఆయనకు 58. ఈ రోజు మన రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగి 60 ఏళ్లకు రిటైరవుతాడు, దండ వేసి, శాలువా కప్పి ఇంటికి పంపుతారు. 58 తరువాత విశ్వేశ్వరయ్యగారు ఇంకా 43 ఏళ్లు బతికారు. మన వ్యాసాల్లో ఆ 43 ఏళ్లకు రెండు లైన్లే వస్తాయి. నేను వాటిని పదేళ్లు పదేళ్లుగా విడదీసి రాసుకున్నాను.

అరవైల్లో భద్రావతి ఇనుము కార్ఖానా. నష్టాల్లో ఉన్న దాన్ని 1923 నుంచి దగ్గరుండి నడిపించారు. తనకు రావలసిన జీతం డబ్బు తాను వాడుకోకుండా, పిల్లలకు చేతిపనులు నేర్పే బడికి ఇచ్చారు. 1943లో బెంగళూరులో వచ్చిన ఆ సంస్థకు మహారాజు పేరే ఉంది, ఆయన పేరు లేదు.

డెబ్బైల్లో ఎక్కువగా తిరగడం, రాయడం. 1934లో దేశానికి ప్రణాళిక ఎలా వేయాలో పుస్తకం రాశారు. మొదటి పంచవర్ష ప్రణాళిక రావడానికి అప్పటికి ఇంకా 17 ఏళ్లుంది. 1935లో కార్ల ఫ్యాక్టరీలు చూడడానికి యూరప్, అమెరికా వెళ్లివచ్చారు. బెంగళూరులో అలాంటిది పెట్టాలని ఎంత తిరిగినా కుదరలేదు. మా నరసాపురం పారిశ్రామిక వాడలో ఇప్పుడు రోజూ కొత్త బండ్లు లారీలెక్కి హైవే మీద పోతుంటాయి. అవి చూసినప్పుడల్లా నాకు ఆ 75 ఏళ్ల మనిషి గుర్తొస్తున్నాడు.

ఎనభైల్లో, 1941లో, దేశంలోని పరిశ్రమల వాళ్లను ఒక సంఘంగా కలిపారు. తొంభైల్లో, 1951లో, తన జ్ఞాపకాలు అచ్చు వేయించారు. ఆ తరువాత బీహారులో మొకామా దగ్గర గంగ మీద వంతెన ఎక్కడ కట్టాలో తేల్చే పని వచ్చింది. 92 ఏళ్ల వయసులో స్వయంగా వెళ్లి నది ఒడ్డు చూసి వచ్చారు. వంతెన 1959లో తెరిచారు. అది తెరిచిన రోజుకు కూడా ఆయన ఉన్నారు.

ఈ నాలుగు పదులనూ వరసగా చూస్తే ఒకటి కనిపిస్తుంది. ఆయన ఒకే పనిని చివరిదాకా పట్టుకుని వేలాడలేదు. కార్ఖానా నడిపే ఓపిక ఉన్నప్పుడు నడిపారు. అది తగ్గాక తిరిగి చూసి చెప్పారు. ఆ తరువాత కూర్చుని రాశారు. చివరికి అడిగినవాళ్లకు సలహా ఇచ్చారు. మా యూనిట్‌లో పాల్ బాల్టెస్, మార్గరెట్ బాల్టెస్ అనే ఇద్దరి సిద్ధాంతం ఉంది. వయసు పైబడ్డాక బాగా బతికేవాళ్లు మూడు చేస్తారట. కొన్ని పనులే ఎంచుకుంటారు, వాటినే బాగా సాధన చేస్తారు, పోయిన శక్తికి బదులు ఇంకో దారి వెతుక్కుంటారు. పరీక్ష కోసం బట్టీ పట్టినప్పుడు ఇది నాకు ఎక్కలేదు. విశ్వేశ్వరయ్యగారి లిస్టు పక్కన పెట్టుకున్నాక ఎక్కింది.

అదే యూనిట్‌లో ఎరిక్ ఎరిక్సన్ కూడా ఉన్నాడు. మనిషి ఎదుగుదలను ఎనిమిది మెట్లు చేశాడు. చివరి మెట్టు మీద మనిషి వెనక్కి తిరిగి చూసుకుని, నా బతుకు ఇలా గడిచింది, ఫర్వాలేదు అనుకోగలిగితే నెమ్మది దొరుకుతుంది. లేకపోతే దిగులే మిగులుతుంది. విశ్వేశ్వరయ్యగారు 91వ ఏట వెనక్కి చూసుకుని రాసిన పుస్తకం పేరులో కూడా పని అనే మాటే ఉంది. పనిచేసిన జీవితపు జ్ఞాపకాలు అని దాని అర్థం. ఆయనకు నెమ్మది పనిలోనే దొరికిందేమో. అది ఆయన బలం. నాకు మాత్రం కొంచెం బాధగా కూడా అనిపించింది. పని లేకపోతే మనిషి లేడా?

1955లో భారతరత్న ఇచ్చారు. బిరుదు తీసుకున్నంత మాత్రాన ప్రభుత్వాన్ని పొగడాలని తన దగ్గర ఆశించవద్దని ఆయన ముందే నెహ్రూగారికి రాశారంటారు. 95 ఏళ్లకు కూడా మాట మెత్తబడలేదు. 1960లో బెంగళూరులో జరిగిన శతజయంతికి నెహ్రూగారు వచ్చారు. తపాలా బిళ్ల కూడా వేశారు. బతికున్న మనిషి మీద మన దేశంలో అప్పటికి అలా ఒక్కరికే వేశారు, 1958లో మహర్షి కర్వేగారికి. విధవల కోసం, ఆడపిల్లల చదువు కోసం జీవితమంతా ఇచ్చి, 1916లో మహిళా విశ్వవిద్యాలయం పెట్టిన కర్వేగారు ఆయనే. ఇద్దరూ నూరు దాటారు, ఇద్దరూ 1962లోనే పోయారు. విశ్వేశ్వరయ్యగారు ఏప్రిల్‌లో బెంగళూరులో కన్నుమూస్తే ముద్దేనహళ్లికి తీసుకొచ్చి దహనం చేశారు. బయలుదేరిన ఊరికే తిరిగి వచ్చారు.

ఇక్కడితో ఆపితే ఇది మళ్లీ స్కూలు వ్యాసమే అవుతుంది. కష్టపడితే ముసలితనం రాదు అని నీతి రాసి సంతకం పెట్టొచ్చు. కానీ అది నిజం కాదు. ముసలితనం ఆయనకూ వచ్చింది. తేడా ఏమంటే, ఆయన 48 ఏళ్లకు ఉద్యోగం వదిలితే వెంటనే ఒక రాజ్యం పిలిచింది, తరువాత ఇంకో రాజ్యం పిలిచింది, 92 ఏళ్లకు గంగ ఒడ్డుకు పిలిచారు. క్రమశిక్షణ, మితమైన తిండి, టంచనుగా టైము పాటించడం అన్నీ ఉన్నాయి, కాదనను. వాటితోపాటు ఆయన్ను అడిగేవాళ్లు ఉన్నారు.

మా తాత కేజీఎఫ్‌లో పనిచేశాడు. గనిలోకి మనుషుల్ని దించి పైకి తెచ్చే కేజ్ ఉంటుంది కదా, దాన్ని నడిపే ఇంజను దగ్గర. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. ఆ రోజుకు తాత వయసు 48.

తాతను ఏ రాజ్యమూ పిలవలేదు. కొన్నాళ్లు వాచ్‌మన్‌గా చేశాడు, కొన్నాళ్లు బంధువుల పొలంలో చేశాడు. నాన్నకు నరసాపురంలో పని దొరికాక అందరం ఇక్కడికి వచ్చేశాం. కాలనీ పోయింది, తోటివాళ్లు పోయారు. ఇక్కడ తాతకు అరుగు, అరుగు మీద కుర్చీ. వినికిడి తగ్గింది. మేం గట్టిగా మాట్లాడాలి కాబట్టి తక్కువ మాట్లాడడం అలవాటు చేసుకున్నాం. అమ్మ కన్నడంలో, నాన్న తెలుగులో, ఇద్దరూ తాతను అడిగేవి రెండే. భోంచేశావా, మాత్ర వేసుకున్నావా. నేను ఆ రెండూ కూడా అడిగేదాన్ని కాదు.

ఈ వ్యాసం కోసం శివసముద్రం కరెంటు సంగతి చదివిన రోజు, నాకు తెలియక తాతను అడిగాను. కేజ్ దిగుతుండగా కరెంటు పోతే ఏమవుతుంది అని. తాత కుర్చీలో ముందుకు జరిగాడు. గంట సేపు చెప్పాడు. బ్రేకు ఎలా పడుతుంది, చీకట్లో వేలాడేవాళ్లు ఏం చేస్తారు, కింద నుంచి బెల్లు ఎన్నిసార్లు కొడితే ఏమని అర్థం, ఛాంపియన్ రీఫ్‌లో మూడు కిలోమీటర్ల కింద వేడి ఎలా ఉంటుంది. నేను పంతొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లోనే ఉన్నాను. ఇందులో ఒక్క ముక్క కూడా నాకు తెలియదు.

ఒక్కసారి అడిగితే తాత వయసు తగ్గిపోయింది అని నేను రాయను. మర్నాడు మోకాళ్లు అలాగే నొప్పి పెట్టాయి. చెవి అలాగే ఉంది. కానీ సాయంత్రం నేను కాలేజీ బస్సు దిగి వచ్చేసరికి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అరుగు మీద ఉన్నాడు. నిన్న చెప్పినదాంట్లో ఒకటి తప్పు చెప్పానని, సరిచేసి రాసుకోమని అన్నాడు. నోట్‌బుక్ తెచ్చుకుని పక్కన కూర్చున్నాను.

మీ ఇళ్లలోనూ గనిలోనో, మగ్గం మీదో, పట్టు రీలింగులోనో, పాల డెయిరీలోనో పనిచేసి ఇప్పుడు ఊరికే కూర్చున్నవాళ్లు ఉంటారు. ఈ వారం ఒక ప్రశ్న అడిగి, వాళ్లు చెప్పింది ఒక పేజీ రాసి తీసుకురండి. వచ్చే నెల గోడ మీద ఆ పేజీలే అంటించుకుందామని మేడమ్‌గారిని అడిగాను, సరే అన్నారు. మొదటి పేజీ మా తాతది. ఆయన చూసి తప్పులు దిద్దాకే తెస్తాను.