పూటకూళ్ళమ్మగారి అబ్బాయి

ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు వినగానే 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకుల ఎదుట గుండె చూపి నిలబడ్డ మనిషి మన కళ్ళకు కడతాడు. అయితే ఆ ధైర్యం యాభై ఆరో ఏట ఊడిపడిందేమీ కాదు. దాని మొదలు వెతకాలంటే ఆయన కుర్రతనంలోకి వెళ్ళాలి.

ప్రకాశం గారు 1872 ఆగస్టు 23న వినోదరాయునిపాలెంలో జన్మించారు. పదకొండో ఏట తండ్రి గోపాలకృష్ణయ్య గారు పోయారు. తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని సాకారు. పూటకూళ్ళ వృత్తి అంటే లోకం చిన్నచూపు చూసే రోజులవి. పరీక్ష ఫీజుకు మూడు రూపాయలు ఎక్కడా పుట్టకపోతే ఆమె తన పట్టుచీర తాకట్టు పెట్టి కట్టారు. కష్టపడి బతకడంలో సిగ్గుపడవలసింది లేదని ఆ కుర్రవాడికి ఎవరూ పాఠం చెప్పలేదు. వంటింటి పొగలో అమ్మను చూసి నేర్చుకున్నాడు.

రెండో పాఠం గురువు దగ్గర దొరికింది. మిషన్ స్కూలు ఉపాధ్యాయులు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు ప్రకాశాన్ని చేరదీసి, రాజమండ్రి వెళుతూ తనవెంట తీసుకుపోయారు. కుర్రవాడు బుద్ధిమంతుడేం కాదు. నాటకాల్లో ఆడవేషాలు వేశాడు. అల్లరిమూకతో తిరిగాడు, కొట్లాటల్లో దిగాడు. ఈ సంగతులన్నీ ఆయనే తర్వాత ‘నా జీవితయాత్ర’లో దాచకుండా రాసుకున్నారు. ఇంకొకరైతే వీడు బాగుపడడని వదిలేసేవారే. నాయుడు గారు వదల్లేదు. చదివించారు, మద్రాసు పంపి ప్లీడరు పరీక్షకు కూర్చోబెట్టారు.

ఆ తర్వాత కథ అందరికీ తెలిసిందే. రాజమండ్రిలో పేరుమోసిన ప్లీడరయ్యారు. మునిసిపల్ ఛైర్మన్ అయ్యారు. 1904లో ఇంగ్లండు వెళ్ళి బారిస్టరై, 1907లో తిరిగొచ్చి మద్రాసులో లక్షలు గడించారు. 1921లో ఆ ప్రాక్టీసు వదిలేసి ‘స్వరాజ్య’ పత్రిక పెట్టి, గడించిందంతా అందులోనూ ఉద్యమంలోనూ పోశారు. లెక్కాడొక్కా చూసుకోని మనిషి కావడంతో పత్రిక అప్పులపాలైంది. అది ఆయన లోపమే, కాదనలేం. 1946లో మద్రాసు రాష్ట్రానికి, 1953లో కొత్త ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. 1957 మే 20న కన్నుమూసేనాటికి వెనకేసుకున్న ఆస్తి లేదు. పుట్టినగడ్డ ఉన్న జిల్లాకు 1972లో ఆయన పేరే పెట్టారు.

విద్యార్థి మిత్రులారా! మన కాలేజీలోనూ మెస్ బిల్లు కట్టలేక తలవంచుకు తిరిగేవాళ్ళున్నారు. ఇంట్లో ఏ నగో తాకట్టులో ఉంటే ఇక్కడ క్లాసులో కూర్చున్నవాళ్ళున్నారు. అది మీ తప్పు కాదు, తలవంపూ కాదు. ఆ తాకట్టు సంగతి మరిచిపోవడమే తప్పు.

అధ్యాపకులకూ ఒక మనవి. వెనక బెంచీలో అల్లరిచేసే కుర్రవాణ్ణి రిజిస్టరులోంచి కొట్టేసేముందు ఒక్కసారి నాయుడు గారిని తలుచుకోండి. ఆ మాస్టారు విసుక్కుని చెయ్యి వదిలేసి ఉంటే, రాజమండ్రి వీధుల్లో ఇంకో రౌడీ మిగిలేవాడేమో గాని, ఆంధ్రులకు కేసరి దొరికేవాడు కాదు.