సోదరులను బలిగొన్న వ్యాధికి మందు సాధించిన శాస్త్రజ్ఞుడు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

ఇరవయ్యవ శతాబ్దపు వైద్యశాస్త్ర ప్రగతికి బాటలు వేసిన శాస్త్రజ్ఞులలో డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అగ్రగణ్యులు. జీవకణానికి శక్తినిచ్చే పదార్థం మొదలు రక్తహీనత, రక్త క్యాన్సర్, బోదకాలు వ్యాధులకు మందుల వరకు ఆయన పరిశోధనలు విస్తరించాయి. ఆయన రూపకల్పనలో వెలువడిన ఔషధాలను నేటికీ కోట్లాది మంది వాడుతున్నారు. అయినప్పటికీ వాటి వెనుక ఉన్న వ్యక్తి పేరు మాత్రం చాలా కాలం మరుగుననే ఉండిపోయింది. గోదావరి తీరం నుంచి ఒక వ్యాధికి మందు వెదుకుతూ బయలుదేరిన ఆ యువకుడు, దాదాపు పాతికేళ్ల తరువాత ఆ మందును సాధించారు. స్వదేశానికి మాత్రం తిరిగి రాలేకపోయారు.

బాల్యం, విద్యాభ్యాసం

సుబ్బారావు 1895 జనవరి 12న పశ్చిమ గోదావరి ప్రాంతంలోని భీమవరంలో జన్మించారు. తల్లిదండ్రులు వెంకమ్మ, జగన్నాథం. ఏడుగురు సంతానంలో ఆయన నాలుగవవారు. రెవెన్యూ శాఖలో పనిచేసిన తండ్రి అనారోగ్యంతో ముందుగానే ఉద్యోగ విరమణ చేయడంతో కుటుంబానికి ఆర్థిక ఇబ్బందులు తప్పలేదు. చదువుపై అంతగా ఆసక్తి లేని సుబ్బారావు పదమూడేళ్ల వయసులో ఇల్లు విడిచి, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం సంపాదించాలని కాశీకి బయలుదేరారు. తల్లి వెంకమ్మ ఆయనను వెనుకకు రప్పించి, తిరిగి పాఠశాలకు పంపారు. రాజమండ్రిలో సాగిన చదువు మద్రాసు హిందూ హైస్కూలుకు చేరింది. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు విఫలమైన ఆయన మూడవ ప్రయత్నంలో ఉత్తీర్ణులయ్యారు.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుతున్న రోజులలో రామకృష్ణ మిషన్ ప్రభావానికి లోనై సన్యసించాలని సంకల్పించారు. అందుకు తల్లి అంగీకరించలేదు. సేవ చేయాలంటే వైద్యవృత్తి కూడా ఒక మార్గమేనన్న మిషన్ పెద్దల హితవుతో మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. 1919లో శేషగిరితో ఆయన వివాహం జరిగింది. వైద్యవిద్య పూర్తి చేయడానికి మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆర్థికంగా ఆదుకున్నారు.

గాంధీజీ పిలుపునందుకుని సుబ్బారావు శస్త్రచికిత్స తరగతులకు ఖాదీ గౌను ధరించి హాజరయ్యేవారు. ఇది ఆంగ్లేయుడైన శస్త్రచికిత్స ఆచార్యునికి ఆగ్రహం కలిగించింది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కక, అంతకంటె తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రంతోనే ఆయన తృప్తి చెందవలసి వచ్చింది. మద్రాసు వైద్య సర్వీసులో చేరాలన్న ప్రయత్నమూ ఫలించలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆధ్వర్యంలోని మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్ర అధ్యాపకునిగా చేరారు.

జీవితాన్ని మలచిన విషాదం

అప్పటికే సుబ్బారావు జీవితాన్ని ఒక విషాదం కలచివేసింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే వ్యాధికి బలయ్యారు. ఉష్ణదేశాలలో కానవచ్చే ఈ వ్యాధిలో పేగులు ఆహారంలోని పోషకాలను గ్రహించలేవు. ఎడతెగని విరేచనాలతో రోగి క్షీణించి, తీవ్రమైన రక్తహీనతకు గురవుతాడు. ఆనాటి వైద్యం దీనికి కారణం చెప్పలేకపోయింది. సుబ్బారావు కూడా ఈ వ్యాధి బారిన పడి లక్ష్మీపతి వైద్యంతో కోలుకున్నారు. కళ్లెదుట జరిగిన ఈ నష్టమే ఆయనను పరిశోధన వైపు మళ్లించింది.

మామగారి సహాయంతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అండతోను ఆయన అమెరికాకు పయనమయ్యారు. 1922 అక్టోబరు 26న బోస్టన్ నగరం చేరి, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశ వ్యాధుల వైద్యశాస్త్రాన్ని అభ్యసించారు. కొద్ది సంవత్సరాలలో తిరిగి వస్తానని గర్భవతియైన భార్యకు చెప్పి వెళ్లారు. ఆ తరువాత జన్మించిన కుమారుడు తండ్రిని చూడకుండానే పసితనంలో మరణించాడు. భార్యాభర్తలు మరి కలుసుకోలేదు.

హార్వర్డ్‌లో తపస్సు

అమెరికాలో వైద్యవృత్తి చేపట్టేందుకు ఆయన యోగ్యతాపత్రం చాలలేదు. జీవనోపాధి కోసం బోస్టన్‌లోని ఒక ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరిచే పనికి కుదిరారు. పగలు చదువు, రాత్రి ఆ పని. ఉష్ణదేశ వైద్యంలో డిప్లొమా పొందిన అనంతరం హార్వర్డ్ జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్ వద్ద చేరారు.

రక్తంలోను, మూత్రంలోను ఉండే భాస్వరాన్ని కచ్చితంగా కొలిచే పద్ధతిని వీరిరువురు 1925లో ప్రకటించారు. భాస్వరంతో రసాయనాలు కలిసినపుడు ఏర్పడే నీలిరంగు ఎంత గాఢంగా ఉంటే భాస్వరం అంత ఎక్కువగా ఉన్నట్లు లెక్క. ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా పేరొందిన ఈ విధానాన్ని దశాబ్దాల తరబడి ప్రపంచవ్యాప్తంగా ప్రయోగశాలలు అనుసరించాయి.

ఈ పద్ధతే మరొక గొప్ప ఆవిష్కరణకు దారితీసింది. కండరాల నుంచి తీసిన ద్రవాన్ని పరీక్షించినపుడు నీలిరంగు వెంటనే ఏర్పడక, నెమ్మదిగా గాఢమవుతూ వచ్చింది. దీనిని పొరపాటుగా భావించి వదిలివేయక, కారణాన్ని అన్వేషించారు. సులువుగా విడిపోయే ఒక భాస్వర సమ్మేళనం కండరంలో ఉన్నదని తేలింది. అదే 1927లో వెల్లడైన ఫాస్ఫోక్రియాటిన్. కండరం పనిచేయడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న నాటి అభిప్రాయాన్ని ఇది పునరాలోచనలో పడవేసింది. 1929లో ఏటీపీగా పిలిచే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను కండరాల నుంచి వేరుచేశారు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా ఈ పదార్థాన్ని కనుగొన్నారు.

మనిషి అడుగు వేయాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా, ఆలోచన కలగాలన్నా కణాలు వినియోగించే శక్తి ఏటీపీ రూపంలోనే లభిస్తుంది. వయసు మీరేకొద్దీ కణాలలో శక్తి ఉత్పత్తి ఎందుకు సన్నగిల్లుతుందన్నది వృద్ధాప్యంపై నేడు జరుగుతున్న పరిశోధనలలో ఒక ముఖ్యాంశం. ఆ పరిశోధనలకు పునాదిగా ఉన్న ఆవిష్కరణలలో ఇది ఒకటి.

1930లో హార్వర్డ్ ఆయనకు పి.హెచ్.డి. ప్రదానం చేసింది. స్థిరమైన ఆచార్య పదవి మాత్రం దక్కలేదు. ఆయన ఆ కాలంలో సాగించిన కృషిలో కొంతభాగం వెలుగు చూడలేదని, వాటిని ఇతరులు తరువాత మళ్లీ కనుగొనవలసి వచ్చిందని నోబెల్ గ్రహీత జార్జ్ హిచింగ్స్ తదనంతరం పేర్కొన్నారు. తనకు రావలసిన కీర్తి గురించి సుబ్బారావు వివాదానికి దిగలేదు.

ఫోలిక్ ఆమ్లం: నెరవేరిన సంకల్పం

1940లో సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రంలోని పెరల్ రివర్‌లో ఉన్న లెడర్లే ప్రయోగశాలలకు మారారు. స్వల్పకాలంలోనే పరిశోధన విభాగానికి సంచాలకులయ్యారు. రసాయన శాస్త్రజ్ఞులు, జీవశాస్త్రజ్ఞులు, వైద్యులు ఒకే లక్ష్యం కోసం కలిసి పనిచేసే బృందాలను తీర్చిదిద్దారు.

కాలేయంలో రక్తహీనతను నివారించే పదార్థమేదో ఉన్నదని అప్పటికే తెలుసు. 1931లో బొంబాయిలో గర్భిణులలోని రక్తహీనతను అధ్యయనం చేసిన ఆంగ్ల వైద్యురాలు లూసీ విల్స్, ఈస్ట్ సారంతో అది నయమవుతున్నదని నిరూపించారు. ఆకుకూరలలోను, కాలేయంలోను అతి స్వల్ప పరిమాణంలో లభించే ఆ పదార్థమే ఫోలిక్ ఆమ్లం. ఆకు అనే అర్థమిచ్చే లాటిన్ పదం నుంచి దానికి ఆ పేరు వచ్చింది. టన్నుల కొద్దీ కాలేయం నుంచి కొద్దిపాటిగా మాత్రమే లభించే పదార్థంతో రోగులకు చికిత్స చేయడం అసాధ్యం. సుబ్బారావు నేతృత్వంలోని బృందం దాని నిర్మాణాన్ని ఛేదించి, 1945లో ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసింది. డాక్టర్ టామ్ స్పీస్ తదితర వైద్యులు దానిని స్ప్రూ రోగులకు ఇచ్చి చూడగా, రక్తం వృద్ధి చెంది వారు కోలుకున్నారు. ఇద్దరు సోదరులను బలిగొన్న వ్యాధికి ఆ విధంగా మందు లభించింది.

సుబ్బారావు మరొక లక్ష్యం మాత్రం నెరవేరలేదు. పెర్నిషియస్ అనీమియా అనే తీవ్ర రక్తహీనతను అరికట్టే పదార్థం కోసం ఏళ్ల తరబడి కాలేయాన్ని శోధించినా అది ఆయనకు అందలేదు. 1948లో ఇతర పరిశోధకులు దానిని బి12 విటమిన్‌గా వేరుచేశారు.

రక్త క్యాన్సర్‌పై తొలి విజయం

కొత్త కణాలు ఏర్పడటానికి ఫోలిక్ ఆమ్లం అవసరం. క్యాన్సర్ కణాలు వేగంగా విభజన చెందుతాయి కనుక వాటికి ఈ అవసరం మరీ ఎక్కువ. బోస్టన్ బాలల ఆసుపత్రి వైద్యుడు సిడ్నీ ఫార్బర్, రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు ఫోలిక్ ఆమ్ల సంబంధ పదార్థాలను ఇచ్చినపుడు వ్యాధి మరింత ముదురుతున్నట్లు గమనించారు. అటువంటపుడు దానికి విరుగుడు ఇస్తే వ్యాధి తగ్గవచ్చునని భావించారు. చూడటానికి ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, కణాలను ఏమార్చి వాటి వృద్ధిని అడ్డుకునే పదార్థాలను సుబ్బారావు బృందం తయారుచేసి అందించింది. వాటిలో అమినోప్టెరిన్ ఒకటి. దీనిని 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో మెరుగుదల కనిపించింది. ఈ ఫలితాలు 1948 జూన్‌లో వెలువడ్డాయి. ఆ ఉపశమనం తాత్కాలికమే అయినా, మందుతో క్యాన్సర్‌ను ఎదుర్కొనే యుగానికి అది నాందియైంది.

అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్ పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో నేటికీ ప్రధానమైనది. స్వల్ప మోతాదులో, వారానికి ఒకసారి వాడే ఈ మందు కీళ్లవాతంతో బాధపడుతున్న ఎందరికో ఊరటనిస్తున్నది.

బోదకాలు నివారణకు

రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులలో అమెరికా సైనికులు ఫైలేరియా బారిన పడటంతో దానికి మందు అవసరమైంది. గోదావరి జిల్లాలలో పుట్టి పెరిగిన సుబ్బారావుకు బోదకాలు కొత్త వ్యాధి కాదు. ఆయన ఆధ్వర్యంలో సాగిన కృషి ఫలితంగా 1947లో హెట్రజాన్ వెలువడింది. డి.ఇ.సి. మాత్రలుగా పరిచితమైన ఈ మందునే 2004 నుంచి దేశవ్యాప్తంగా చేపట్టిన సామూహిక పంపిణీ కార్యక్రమంలో కోస్తా ఆంధ్ర గ్రామాలలోనూ ఇంటింటా అందజేశారు.

ఆయన ప్రోత్సాహంతోనే బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు మట్టి నమూనాలను శోధించి ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఈ యాంటీబయాటిక్ 1948లో లోకానికి వెల్లడైంది. డెబ్బై ఏళ్లు పైబడిన పదవీ విరమణ చేసిన ఆచార్యునికి అవకాశమిచ్చి, ఆవిష్కరణ ఘనతను ఆయనకే వదిలివేయడం సుబ్బారావు స్వభావానికి తార్కాణం.

అస్తమయం

ఆ విజయపరంపర మధ్యనే 1948 ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 సంవత్సరాలు. స్వతంత్ర భారతంలో అడుగుపెట్టే భాగ్యం ఆయనకు కలగలేదు. 1953లో శాస్త్రజ్ఞులు ఒక శిలీంధ్ర ప్రజాతికి సుబ్బారోమైసిస్ అని నామకరణం చేసి ఆయనను గౌరవించారు. 1995లో శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం ఆయన స్మారక తపాలా బిళ్లను విడుదల చేసింది.

నోబెల్ బహుమతి సుబ్బారావును వరించలేదు. గర్భిణులకు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోను ఇచ్చే ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్రలో మాత్రం ఆయన కృషి సజీవంగా ఉంది. మెట్రిక్యులేషన్‌లో రెండుమార్లు తప్పి, పూర్తి వైద్యపట్టా దక్కక, పరాయిదేశంలో రాత్రి కూలీగా బ్రతికిన వ్యక్తి సాధించిన ఫలం అది. సొంత ఇంటి దుఃఖాన్ని లోకహితంగా మలచుకున్న ఆ మహనీయుని జీవితం వైద్య, విజ్ఞాన శాస్త్రాలు అభ్యసించే యువతరానికి నిత్యస్ఫూర్తి.