రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు



మీది ఏ ఊరు అని ఎవరైనా అడిగితే వెంటనే జవాబు చెప్పగలరా? పుట్టింది ఒక చోట, అక్షరాలు దిద్దింది మరొక చోట, ఇప్పుడు చదువుతున్నది ఇంకొక చోట. ఈ ప్రశ్నకు మీలాగే తడుముకోవలసిన ఒక పెద్దాయన జీవితాన్ని ఈసారి మీకు పరిచయం చేస్తున్నాము. ఆయన పేరు న్యాయపతి రాఘవరావు గారు. ఒక తరం తెలుగు పిల్లలకు ఆయన రేడియో అన్నయ్య.

రాఘవరావు గారు 1905 ఏప్రిల్ 13న బరంపురంలో పుట్టారు. అప్పట్లో ఆ ఊరు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు బరంపురం అందులో కలిసింది. మనకు బదిలీ అయితే మనం రాష్ట్రం మారతాము. ఆయన విషయంలో పుట్టిన ఊరే రాష్ట్రం మారింది!

మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. అక్కడి నుంచి తమిళంతో పాటు తెలుగు కార్యక్రమాలు కూడా వచ్చేవి. 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రం ప్రారంభమయ్యే వరకు ఆంధ్ర జిల్లాల వారు తెలుగు వినాలంటే మద్రాసు వైపే చెవి పెట్టవలసి వచ్చేది. రేడియో ఉన్న ఇళ్ళు తక్కువ. దాన్ని పెట్టుకోవడానికి లైసెన్సు కూడా కావాలి. అందువల్ల ఒక్క రేడియో చుట్టూ ఇరుగుపొరుగు వారంతా చేరేవారు.

ఆ తొలి రోజుల్లో పిల్లల కార్యక్రమం బాధ్యత రాఘవరావు గారు తీసుకున్నారు. ఆయన భార్య కామేశ్వరి గారు కూడా తోడు వచ్చారు. ఇంట్లో వారు భార్యాభర్తలు. మైకు ముందు మాత్రం ఒకరు అన్నయ్య, మరొకరు అక్కయ్య! ఈ పిలుపుల వెనుక మంచి ఆలోచన ఉంది. మాస్టారి ముందు పిల్లలు చేతులు కట్టుకుని నిలబడతారు. అన్నయ్య దగ్గరైతే గారాలు పోతారు, అడ్డు ప్రశ్నలు వేస్తారు, నవ్వుతారు.

ఆనాటి ప్రసారాలు చాలావరకు అప్పటికప్పుడే గాలిలోకి వెళ్ళేవి. పాట పాడే పాప చరణం మరిచిపోతే మళ్ళీ మొదలుపెట్టే వీలు లేదు. అలాంటి చోట పెద్దవాళ్ళే మాట్లాడేస్తే ఏ గొడవా ఉండదు. కాని అన్నయ్య పిల్లల చేతనే పాడించారు, కథలు చెప్పించారు, నాటికలు వేయించారు. రేడియోలో పేరు రావాలంటే మంచి గొంతు ఉండాలని అందరూ అనుకుంటారు. ఆయనకు పేరు తెచ్చింది ఎదుటివారి గొంతుకు చోటివ్వడం.

గాలిలో కలిసిపోయే మాటలతోనే వారు ఆగలేదు. 1945లో బాల అనే మాసపత్రిక స్థాపించారు. ధవళేశ్వరంలో పుట్టి, చిన్ననాడే తండ్రిని పోగొట్టుకుని, మద్రాసు చేరిన ఒక అబ్బాయి కథ ఆ సంవత్సరమే అందులో అచ్చయింది. ఆ అబ్బాయే తరువాత బుడుగును సృష్టించిన ముళ్ళపూడి వెంకటరమణ. ఆయన స్నేహితుడు బాపు చిన్నప్పుడు వేసిన బొమ్మలు కూడా ఆ పత్రికలో వచ్చాయి. కొత్త ఊరికి వచ్చిన పిల్లవాడికి నీ మాట మాకు కావాలి అని చెప్పేవారు ఒక్కరు దొరికితే ఎంత మేలు జరుగుతుందో చూశారా?

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆ దంపతులు కూడా మద్రాసు విడిచి హైదరాబాదు చేరారు. ఊరు మారింది, పని మాత్రం మారలేదు. హైదరాబాదు కేంద్రంలోనూ బాలానందం పిల్లల సందడితో సాగింది. వారి బాలానంద సంఘంలో పిల్లలు ఆటపాటలు, నాటకాలు నేర్చుకున్నారు. అక్కయ్య 1980లోను, అన్నయ్య 1984 ఫిబ్రవరి 24న కన్నుమూశారు.

మేము ఉద్యోగరీత్యా ఎన్నో రాష్ట్రాలలో తెలుగు చెప్పాము. ప్రతి చోటా ఒకే రకం పిల్లలు కనిపిస్తారు. అమ్మ తెలుగులో పిలిస్తే హిందీలోనో ఇంగ్లీషులోనో పలుకుతారు. తెలుగు అర్థమవుతుంది, నోటికి మాత్రం రాదు. తప్పు పలికితే బంధువులు నవ్వుతారని భయం. అలా ఒక్కొక్క మాటే జారిపోతుంది. చివరికి తాతగారు ఉత్తరం రాస్తే చదివి పెట్టడానికి మరొకరు కావాలి.

ఇందుకు మందు అన్నయ్య జీవితంలోనే ఉంది. తప్పు పోయినా నవ్వకుండా వినే మనిషి ఉంటే చాలు, పిల్లలకు మాట వస్తుంది. కాబట్టి ఈ ఆదివారం మీ అమ్మమ్మకో నాయనమ్మకో ఫోను చేసి, ఒక కథ తెలుగులో మీరే చెప్పండి. మాట తడబడితే ఆవిడే అందిస్తారు. ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్ళ చేత కూడా ఒక కథ చెప్పించండి. వాళ్ళు తప్పులు పలికితే నవ్వకండి. ఆ కాసేపు మీ ఇంటికి అన్నయ్య, అక్కయ్య మీరే.