యంత్రానికి మాటలు నేర్పిన గ్రేస్ హాపర్

పోయిన వారం కంప్యూటర్ సైన్స్ అమ్మాయి ఒకామె నన్ను అడిగింది, తెలుగు చదివేవాళ్లకి కంప్యూటర్‌తో ఏం పని అని. అప్పటికి జవాబు తోచలేదు. ఇంటికెళ్లి గ్రేస్ హాపర్ గురించి చదివాక తోచింది.

ఆవిడ 1906లో న్యూయార్క్‌లో పుట్టారు. ఏడేళ్లప్పుడు అలారం ఎలా మోగుతుందో చూద్దామని ఇంట్లో ఉన్న ఏడు గడియారాలూ విప్పేశారు. ఇకమీదట ఒక్కదాన్నే ముట్టుకోవాలని వాళ్లమ్మ షరతు పెట్టారు. 1934లో యేల్‌లో గణితంలో డాక్టరేట్ పొందారు. వాసర్‌లో లెక్కలు చెప్పేవారు. అప్పట్లో అదీ మనలాగే ఆడపిల్లల కాలేజీ.

యుద్ధం వచ్చింది. నేవీలో చేరబోతే వయసు ఎక్కువ, బరువు తక్కువ అన్నారు. పట్టుబట్టి 1943లో చేరారు. మరుసటి ఏడు హార్వర్డ్‌లోని మార్క్ 1 దగ్గరికి పంపారు. 51 అడుగుల పొడవున్న యంత్రం అది! చెయ్యాల్సిన పనంతా కాగితపు టేపు మీద చిల్లులు కొట్టి చెప్పాలి. రిలేలో చిక్కిన పురుగు కథ అందరికీ తెలిసిందే. అది 1947లో, మార్క్ 2లో. పురుగును పట్టింది మాత్రం ఆవిడ కాదు, ఆ కథని ఊరూరా చెప్పింది ఆవిడ.

నాకు నచ్చింది వేరే కథ. 1949లో యూనివాక్ తయారుచేస్తున్న కంపెనీలో చేరారు. అక్కడ ఒకరి నోట్‌బుక్‌లోని ప్రోగ్రాం ముక్కల్ని ఇంకొకరు చేత్తో ఎక్కించుకునేవారు, తప్పులు దొర్లేవి. ఆ ఎక్కించే పనేదో యంత్రమే చెయ్యొచ్చు కదా అని 1952లో ఏ-జీరో అనే కంపైలర్ రాశారు. కంప్యూటర్ లెక్కలే చేస్తుంది, ప్రోగ్రాములు రాయదని చాలామంది నమ్మనే లేదు.

తర్వాత గుర్తుల బదులు ఇంగ్లీషు మాటలతో పని చేయించి చూపించారు. ఆ మాటలు తీసేసి ఫ్రెంచి, జర్మన్ మాటలు పెట్టినా అదే పని జరిగింది. పైవాళ్లు హడలిపోయారు. పెన్సిల్వేనియాలో చేసిన అమెరికా యంత్రానికి ఫ్రెంచి ఎలా వస్తుందని! దానికి ఏ భాషా రాదు, ఏ మాటకి ఏ పనో మనం చెప్పాలంతే. ఆ చోట కూడు అని తెలుగు మాట పెట్టినా కూడి ఉండేదే. ఆ అమ్మాయికి ఇదే చెప్పాను.

ఆవిడ ఫ్లో-మాటిక్ భాషే 1959లో మొదలైన కోబాల్‌కి ముఖ్యమైన ఆధారం. 1966లో నేవీ రిటైర్ చేసింది, ఏడాది తిరక్కుండా మళ్లీ పిలిచింది. చివరికి 1986లో రియర్ అడ్మిరల్‌గా దిగారు, 79 ఏళ్ల వయసులో. 1992లో పోయారు. ఆవిడ ఆఫీసు గడియారంలో ముళ్లు వెనక్కి తిరిగేవట. టైము మాత్రం సరిగ్గానే చూపించేదట.