గణితశాస్త్ర ధ్రువతార శ్రీనివాస రామానుజన్

వేలూరు పక్కగా ప్రవహించే పాలారు నది తూర్పు దిక్కుగా సాగి కంచి పట్టణానికి చేరువగా వెళుతుంది. ఆ కంచిలో పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశాబ్దంలో ఒక తమిళ బాలుడు కొంతకాలం తెలుగులో బోధించే బడిలో చదువుకొన్నాడు. ఇంట పలికే భాష ఒకటి, బడిలో వినే భాష మరొకటి. ఆ బాలుడే అనంతర కాలంలో విశ్వవిఖ్యాతుడైన శ్రీనివాస రామానుజన్. తమిళనాట ఒక తెలుగు మాధ్యమ పాఠశాల 75 వసంతాలు నిండిన శుభవేళ ఆ మహనీయుని జీవితాన్ని స్మరించుకోవడం సముచితం.

రామానుజన్ 1887 డిసెంబరు 22న ఈరోడ్‌లో మాతామహుల ఇంట జన్మించారు. తండ్రి శ్రీనివాస అయ్యంగారు కుంభకోణంలో బట్టల దుకాణపు గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్ దేవాలయంలో భజనలు పాడేవారు. కుటుంబ పరిస్థితుల వలన బాలుడు కుంభకోణం, కంచి, మద్రాసుల మధ్య బడులు మారవలసి వచ్చింది. అయినా 1897లో ప్రాథమిక పరీక్షలో జిల్లాలోనే ప్రథముడిగా నిలిచాడు. హైస్కూలులో ఉండగా కార్ అనే ఆంగ్లేయుడు కూర్చిన గణిత సూత్రాల సంగ్రహం చేతికి అందింది. అందులోని వేలాది ఫలితాలకు నిరూపణలు దాదాపు లేవు. వాటిని తానే సాధించుకోవడం ఆయనకు తపస్సు అయింది.

ఆ తపస్సుకు మూల్యం చెల్లించవలసి వచ్చింది. 1904లో ఉపకార వేతనంతో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో చేరిన రామానుజన్ గణితం తప్ప మరొకటి చదవలేకపోయారు. తక్కిన పాఠ్యాంశాలలో తప్పడంతో ఉపకార వేతనం పోయింది. 1905 ఆగస్టులో ఎవరికీ చెప్పకుండా ఇల్లు విడిచి రైలెక్కి విశాఖపట్టణం వెళ్ళిపోయారు. తిరిగివచ్చి, 1906లో మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో చేరారు. అక్కడా ఎఫ్.ఏ. పరీక్ష గట్టెక్కలేదు. పట్టా లేదు, ఉద్యోగం లేదు. 1909లో జానకితో వివాహమైంది. నోటు పుస్తకాలు మాత్రం సూత్రాలతో నిండుతూనే ఉన్నాయి.

1910 డిసెంబరులో ఆయన ఆ పుస్తకాలను చంకన పెట్టుకొని నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావును కలిశారు. గణితాభిమాని అయిన ఆ అధికారి ఎదుట నిలిచిన యువకుని మార్కులను కాక, చేతిలోని పుస్తకాలను చూశారు. నెలకు 25 రూపాయల చొప్పున సహాయం చేశారు. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తా కొలువు దొరికింది. 1913 జనవరిలో కేంబ్రిడ్జి ఆచార్యుడు హార్డీకి రామానుజన్ రాసిన లేఖ చరిత్రాత్మకమైంది. ఆ ఏడే మద్రాసు విశ్వవిద్యాలయం నెలకు 75 రూపాయల పరిశోధన వేతనం మంజూరు చేసింది. 1914 మార్చి 17న ఆయన ఓడ ఎక్కారు.

కేంబ్రిడ్జిలో ఉండగా 1916లో వెలువరించిన ఒక వ్యాసంలో రామానుజన్ మన పిల్లలు చిన్న తరగతులలో నేర్చుకొనే కారణాంకాలనే చేపట్టారు. 6 యొక్క కారణాంకాలు 1, 2, 3, 6. వాటి మొత్తం 12. ప్రతి సంఖ్యకూ ఇట్టి మొత్తాలను వరుసగా పేర్చి, వాటి నుండి పి, క్యూ, ఆర్ అనే మూడు శ్రేణులను నిర్మించి, వాటి మధ్య గల సంబంధాలను వెలికితీశారు.

ఈ 12 అనే సంఖ్యను గుడియాత్తం గళ్ళ లుంగీ సాయంతో కన్నులారా చూడవచ్చు. 6 సమాన గళ్ళ గుడ్డను తీసుకొని, కుడి ఎడమ అంచులను కలిపి కుడితే లుంగీ వలె గొట్టం ఏర్పడుతుంది. పై అంచును కింది అంచుతో కలిపితే గారె ఆకారం వస్తుంది. కలిపేటప్పుడు నేరుగా కలపవచ్చు. లేదా ఒక గడి, రెండు గళ్ళు తిప్పి కలపవచ్చు. వరుసకు 6 గళ్ళుంటే 6 విధాలు, 3 ఉంటే 3, 2 ఉంటే 2, 1 ఉంటే 1. మొత్తం 12 విధాలు! గళ్ళను పక్కకు ఒరగదోసి, కత్తిరించి, తిరిగి చదరంగా అతికితే ఈ 12 రూపాలు తమలో తామే స్థానాలు మార్చుకొంటాయి. ఇదే వాటి సౌష్ఠవం. అట్టి గుడ్డపై ఒక చీమ తిన్నగా నడిచిందనుకొందాం. దాని దారి వాలు పూర్ణ సంఖ్యల నిష్పత్తి అయితే బయలుదేరిన చోటికే తిరిగి వస్తుంది; కాకుంటే ఎన్నటికీ రాక, గుడ్డ అంతటా సమంగా తిరుగుతుంది.

రామానుజన్ తలచినది సంఖ్యలను గురించే గాని గళ్ళను గురించి కాదు. కాని ఒక రంధ్రానికి బదులు పలు రంధ్రాలు గల గళ్ళ ఉపరితలాలను లెక్కించబూనిన శాస్త్రజ్ఞులకు ఆ మూడు శ్రేణులే ఆధారమయ్యాయి. 1989లో వీచ్ అనే అమెరికా గణితజ్ఞుడు చీమ నడక వంటి నియమం ఆ ఉపరితలాలకు కూడ వర్తిస్తుందని నిరూపించారు. 2001లో ఎస్కిన్, ఒకున్‌కొవ్ అనే గణితజ్ఞులు వాటి లెక్కలో రామానుజన్ శ్రేణులను ప్రయోగించి ఘనఫలితాలు సాధించారు.

యుద్ధకాలపు ఆహార లోపం, చలి దేశపు వాతావరణం శాకాహారి అయిన రామానుజన్‌ను కుంగదీశాయి. 1917లో జబ్బుపడ్డారు. 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వం, ట్రినిటీ కళాశాల ఫెలోషిప్ లభించాయి. 1919లో స్వదేశానికి తిరిగివచ్చి, మంచం మీద కూడ లెక్కలు విడువక, 1920 ఏప్రిల్ 26న మద్రాసులో పరమపదించారు. అప్పటికి ఆయన వయస్సు 32 సంవత్సరాలే. భార్య జానకి అమ్మాళ్ కుట్టుపని నేర్చి, తన కాళ్ళపై తాను నిలిచి, 1994 వరకు జీవించారు. 2012 నుండి ఆయన జన్మదినం జాతీయ గణిత దినోత్సవంగా జరుగుతున్నది.

రామానుజన్ గొప్పతనానికి పరీక్షలు సాక్ష్యం చెప్పలేకపోయాయి. ఒక కలెక్టరు, ఒక పోర్టు కార్యాలయం, ఒక విశ్వవిద్యాలయం, సముద్రాల ఆవల ఒక ఆచార్యుడు సకాలంలో చేయి అందించకుంటే ఆ నోటు పుస్తకాలు ఏ అటకపైనో చెదల పాలయ్యేవి. ఒక పాఠంలో తప్పిన బిడ్డ మరొక పాఠంలో ఏ ఎత్తుకు ఎదగగలదో చూడగలగడం తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల తొలి ధర్మం. పాఠశాల మెట్లెక్కే ప్రతి చిన్నారి పలక మీదా ఆ కారణాంకాల లెక్క ఉన్నది. అది ఎంత దూరం తీసుకొనిపోగలదో కంచిలో తెలుగు బడి మెట్లెక్కిన ఆ బాలుని జీవితం చాటుతున్నది.