క్రీడాకోవిదులు కోటా రామస్వామిగారు

ఆటలో నేర్పు గలవారికెల్లరకును దేశము తరపున ఆడు భాగ్యము కలుగదు. కొందరు యౌవనమున నున్న కాలమున దేశమునకు జట్టే యుండదు. కొందరిని ఎన్నికదారులు గుర్తింపరు. మరికొందరి ఆటతీరు పెద్దలకు రుచింపదు. ఇంగ్లండు దేశమున లెన్ షాకిల్టన్ అను ఫుట్‌బాలు ఆటగాడు బంతితో ఇంద్రజాలము చేయునని ప్రసిద్ధికెక్కియు, దేశపు జట్టులో అయిదు పర్యాయములు మాత్రమే ఆడెను. అట్టి వృత్తాంతము మన చెన్నపట్టణమునను ఒకటి కలదు. అది తెలుగు కుటుంబమున జన్మించిన కోటా రామస్వామిగారిది.

రామస్వామిగారి తండ్రి మోతవరపు వెంకట మహీపతి నాయుడుగారు. లోకము ఆయనను బుచ్చిబాబు నాయుడని పిలిచెను. ఆ దినములలో చేపాకు మైదానము దొరల క్లబ్బు అధీనమందుండెను. భారతీయులకు ఆ క్లబ్బులో సభ్యత్వము లేదు. బుచ్చిబాబుగారు దానికి చింతించుచు కూర్చుండక, 1888లో మద్రాసు యునైటెడ్ క్లబ్బును స్థాపించి, మన బాలురకు ఆట నేర్పు వసతులు కల్పించిరి. భారతీయుల జట్టును దొరల జట్టుతో సమానముగ నిలిపి ఆడింపవలెనని వారి కోరిక. అది నెరవేరు సమయమున, 1908లో, వారు పరలోకగతులైరి. అనంతరము ఆ పోటీ సంక్రాంతి దినములలో చేపాకున జరుగు ప్రెసిడెన్సీ ఆటగా స్థిరపడెను. బుచ్చిబాబుగారి పేర నెలకొల్పిన పోటీలు నేటికిని జరుగుచున్నవి.

వారి కనిష్ఠ పుత్రులు రామస్వామిగారు 1896 జూన్ 16వ తేదీన చెన్నపట్టణమున జన్మించిరి. దత్తత వెళ్ళుటవలన వారి యింటిపేరు కోటా అయ్యెను. తండ్రి మరణించునాటికి వారి వయస్సు పండ్రెండేండ్లు. అయినను తండ్రి నాటిన ఆటల ప్రీతి వారిని విడువలేదు. విద్యాభ్యాసమునకై ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు వెళ్ళి, అచ్చట టెన్నిసు ఆటలో పేరు గడించిరి. 1922లో డేవిస్ కప్పు పోటీలలో భారతదేశము తరపున ఆడుటకు వారికి పిలుపు వచ్చెను. బ్రిస్టలు నగరమున రుమేనియా దేశముతో జరిగిన పోటీలో డాక్టరు ఫైజీగారితో జతగా ఆడి జయము పొందిరి. అప్పటికి వారికి ఇరువదియాఱేండ్లు.

స్వదేశమునకు తిరిగివచ్చి మద్రాసు ప్రభుత్వ వ్యవసాయశాఖలో ఉద్యోగము చేయుచు, తీరిక వేళల క్రికెట్టు ఆడుచుండిరి. వారు ఎడమచేతి వాటమున బ్యాటు పట్టువారు. బంతిని ధైర్యముగా బలముగా కొట్టుట వారి స్వభావము. చేపాకున ప్రెసిడెన్సీ ఆట చూడవచ్చిన జనులకు వారి ఆట పండుగవలె నుండెడిది. కాని ఆ వయస్సున వారికి దేశపు క్రికెట్టు జట్టులో స్థానము లభింపలేదు. ఏలయన టెస్టు ఆటలాడు జట్టు భారతదేశమునకు అప్పటికి లేదు.

భారతదేశము మొదటి టెస్టును 1932లో లండనులోని లార్డ్సు మైదానమున ఆడెను. ఆ జట్టు నాయకులు నాగపూరున పుట్టిన తెలుగువారు సి. కె. నాయుడుగారు. వారు రామస్వామిగారికంటె కొలది నెలలు మాత్రమే పెద్దలు. వయస్సున సమానులైన యిరువురిలో ఒకరు నాయకులైరి. రెండవవారు జట్టులోనే లేరు. 1934 ఫిబ్రవరిలో టెస్టు ఆట చేపాకు మైదానమునకే వచ్చెను. అప్పుడును రామస్వామిగారికి పిలుపు రాలేదు.

1936లో విజయనగర రాజకుమారుని నాయకత్వమున భారతజట్టు ఇంగ్లండునకు బయలుదేరినప్పుడు రామస్వామిగారిని ఎన్నుకొనిరి. నలువది యేండ్ల వయస్సు సాధారణముగా ఆట మానుకొను వయస్సు. ఆ జట్టులో ఐకమత్యము కొఱవడెను; చక్కగా ఆడుచున్న లాలా అమర్‌నాథ్‌గారిని మొదటి టెస్టునకు ముందే స్వదేశమునకు పంపివేసిరి. ఆ టెస్టులో రామస్వామిగారికి స్థానము లేదు, మనవారు ఓడిపోయిరి.

జూలై 25వ తేదీన మాంచెస్టరు నగరమున రెండవ టెస్టు ప్రారంభమయ్యెను. రామస్వామిగారు మొదటిసారిగా టెస్టు మైదానమున అడుగిడిరి. మనవారు 203 పరుగులకే వెనుదిరిగిరి. అందు 40 పరుగులు రామస్వామిగారివి. ఇంగ్లండువారు ఎనిమిది వికెట్లకు 571 పరుగులు చేసి ఆట చాలించిరి. 368 పరుగుల వెనుకబాటుతో మనవారు మరల ఆడవలసివచ్చెను. విజయ్ మర్చంటు, ముస్తాక్ ఆలీగారలు తొలి వికెట్టునకు 203 పరుగులు చేర్చి, చెరియొక శతకము సాధించిరి. వారు వేసిన పునాదిమీద రామస్వామిగారు 60 పరుగులు చేసిరి. ఓటమి తప్పి, ఆట సమముగా ముగిసెను. ఆగస్టులో ఓవల్ మైదానమున జరిగిన మూడవ టెస్టులో మనవారు ఓడినను, రామస్వామిగారు 29 పరుగులును, రెండవసారి ఔటు గాకుండ 41 పరుగులును చేసిరి.

రెండు టెస్టులు, నాలుగు ఇన్నింగ్సులు, 170 పరుగులు, సగటు 56.66. రామస్వామిగారి టెస్టు జీవితము అంతటితో సమాప్తమయ్యెను. పిదప రెండవ ప్రపంచయుద్ధము సంభవించినందున భారతదేశము 1946 వరకు అధికారికమైన టెస్టు ఆడలేదు. అప్పటికి వారికి ఏబదియేండ్లు. నలువదవ యేట అంత నిబ్బరముగా ఆడినవారు ముప్పదవ యేట ఎట్లాడి యుందురో యని మనము ఊహింపవలసినదే.

ఈ నష్టము వారి యొక్కరిదే కాదు. చెన్నపట్టణపు ఎం. జె. గోపాలన్‌గారు 1936లో బెర్లిను ఒలింపిక్సు హాకీ అవకాశమును వదలుకొని క్రికెట్టు జట్టుతో ఇంగ్లండు వెళ్ళిరి. అచ్చట వారిని ఒక్క టెస్టులోనైనను ఆడింపలేదు. బెర్లినులో మన హాకీ జట్టు స్వర్ణపతకము గెలిచెను. బ్యాటింగునను బౌలింగునను మద్రాసు జట్టునకు అండయైన ఎ. జి. రామ్‌సింగ్‌గారు ఒక్క టెస్టైనను ఆడలేదు. వారి కుమారులు కృపాల్‌సింగ్, మిల్కాసింగ్‌గారలు మాత్రము ఆ భాగ్యమును పొందిరి.

రామస్వామిగారు మనసున చేదు పెంచుకొని ఆటకు దూరము కాలేదు. తరువాతి కాలమున భారతజట్టు ఎన్నికదారులలో ఒకరైరి. 1953లో వెస్టిండీసునకు వెళ్ళిన మన జట్టునకు మేనేజరుగా పనిచేసిరి. పిలుపునకై యేండ్ల తరబడి నిరీక్షించినవారు, ఇతరులను పిలుచు స్థానమున కూర్చుండిరి. 1966లో తమ క్రీడానుభవములను ఆంగ్లమున గ్రంథముగా వెలువరించిరి.

వారి జీవితాంతము శోచనీయము. 1985 అక్టోబరులో, ఎనుబదితొమ్మిదవ యేట, అడయారులోని తమ యింటినుండి వెలుపలికి వెళ్ళినవారు మరల తిరిగిరాలేదు. వారి జాడ తెలియలేదు.

విద్యార్థులారా! ఎన్నిక యితరుల చేతిలోనిది. దేశము పిలుచు దినము ముందుగా వచ్చునో, ఆలస్యముగా వచ్చునో, అసలు రాకయే పోవునో ఎవరును చెప్పజాలరు. అభ్యాసము మాత్రము మన చేతిలోనిది. మాంచెస్టరున పిలుపు వచ్చిననాడు రామస్వామిగారి చేయి సిద్ధముగా నుండెను. మీలో ఎవరైనను రేపు ఎన్నికదారులైనచో, పిలుపునకై వేచియున్నవారిని వారి యౌవనముననే చూడుడు. చేపాకు మైదానము ప్రక్కగా నడచునపుడు ఈ తెలుగువారి పేరు ఒక్కసారి తలచుకొనుడు.